ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు విటమిన్లు, ఖనిజాల మాత్రలు మందుకు బదులు పనిచేస్తాయా?

పటమట అమ్మ:

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. కుదురుగా కూర్చోలేకపోవడం, మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేయడం, పెన్సిళ్లు, పుస్తకాలు తరచూ పోగొట్టుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం ఇంట్లోనూ బడిలోనూ ఒకే తీరుగా ఉండడంతో విజయవాడ సూర్యారావుపేటలో ఒక పిల్లల మానసిక వైద్యురాలికి చూపించాము. ఆమె మాతో, బడి వారితో వేర్వేరుగా ప్రశ్నావళులు నింపించి, ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య, అని నిర్ధారించారు. ముందు తల్లిదండ్రులకు ఇచ్చే ప్రవర్తనా శిక్షణతో మొదలుపెడదామని, అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడదామని చెప్పారు.

ఇంతలో మా ఆడపడుచు గారి సలహా మీద నగరంలోని ఒక పోషకాహార కేంద్రానికి వెళ్లాము. అక్కడ ఒక్క రక్తపరీక్ష కూడా రాయకుండానే జింకు, మెగ్నీషియం, బీ6, ఐరన్, చేపనూనె, విటమిన్ డి పొడి కలిపిన ఒక కిట్టు చేతిలో పెట్టారు. నెలకు ఆరువేల రూపాయల పైచిలుకు ఖర్చవుతుంది. ఇది ఆరు నెలలు వాడితే మానసిక వైద్యుల మందు అక్కర్లేదని హామీ కూడా ఇచ్చారు. ఇంట్లో మా అత్తగారికి, మా వారికి ఆ మాట నచ్చింది, ఎందుకంటే విటమిన్ అంటే ఆహారమే కదా, నష్టమేముంటుందని వారి ఉద్దేశం. కిట్టు ఇంకా విప్పలేదు. ఇవి నిజంగా మందుకు బదులు పనిచేస్తాయా, పరీక్షలు లేకుండా మొదలుపెట్టవచ్చా, నష్టం ఏమైనా ఉంటుందా అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

గుణదల నాన్న:

అమ్మా, మీరు భయపడవలసిన పని లేదు. మా పాపకు తొమ్మిదేళ్లు. అదే సమస్యకు ఇటువంటి మాత్రలే వాడుతున్నాము, చిరాకు బాగా తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. మెదడులో సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనం తయారు కావాలంటే ఐరన్ కావాలి, బీ6 కావాలి. ఆ ముడిసరుకు లేనప్పుడు మెదడు ఎలా పనిచేస్తుంది? మేము మొదట చూపించిన వైద్యుడు పాప ఏం తింటుందో ఒక్క మాట అడగలేదు, రక్తహీనత ఉందేమో చూడలేదు, పది నిమిషాల్లో చీటీ రాసి పంపారు. పోషణ గురించి అడగని వైద్యం మీద మాకు నమ్మకం పోయింది.

గుంటూరు పిల్లల వైద్యుడు:

ఇద్దరి మాటల్లోనూ విచారించవలసిన విషయం ఉంది కనుక కొంత విపులంగా రాస్తున్నాను. గుణదల నాన్న గారి ఫిర్యాదు న్యాయమైనదే. ఏడీహెచ్‌డీ అనుమానంతో వచ్చిన బిడ్డకు ఆహారం, నిద్ర, వినికిడి, చూపు, గురక, మూర్ఛ లక్షణాలు అడగకుండా, రక్తహీనత ఉందో లేదో చూడకుండా పంపడం సరైన పద్ధతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వారిలో చాలామంది అదే లోటుతో బడి వయసుకు వస్తారు. ఐరన్ తక్కువైన బిడ్డ అలసటగా, చిరాకుగా, ఏకాగ్రత లేకుండా ఉంటాడు, రాత్రి కాళ్లు కుదురుగా పెట్టలేక నిద్ర చెడగొట్టుకుంటాడు. ఇవన్నీ బయటికి ఏడీహెచ్‌డీలాగే కనిపించవచ్చు, లేదా నిజంగా ఉన్న ఏడీహెచ్‌డీని మరింత పెంచవచ్చు.

అయితే లోటును పూడ్చడం వేరు, లోటు లేని బిడ్డకు అదే పదార్థాన్ని మందుగా ఇవ్వడం వేరు. ఎండిన మిరపచేనుకు తడి పెడితే మొక్క లేస్తుంది, నీరు నిలిచిన చేనుకు మళ్లీ తడి పెడితే వేరు కుళ్లుతుంది. ఈ భేదం తెలియాలంటే పరీక్ష తప్పదు.

ఐరన్ విషయంలో తరచుగా చెప్పుకునే అధ్యయనాలు ఫ్రాన్స్‌లో కొనోఫాల్ బృందం చేసినవి. 2004లో వారు ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లల్నీ, లేని 27 మందినీ పోల్చగా, శరీరంలో ఐరన్ నిల్వను తెలిపే ఫెరిటిన్ సగటు మొదటివారిలో 23, రెండోవారిలో 44 నానోగ్రాములు ఉంది. 2008లో ఫెరిటిన్ 30 కంటే తక్కువగా ఉన్న 23 మంది పిల్లలకు పన్నెండు వారాలు ప్రయోగం చేశారు. ఒక కొలమానంలో ఐరన్ తీసుకున్నవారు మెరుగుపడ్డారు, కాని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నింపిన మరో కొలమానంలో తేడా గట్టిగా నిలబడలేదు. ఆ ఇరవై ముగ్గురిలో ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మాత్ర, తీసుకున్నవారు అయిదుగురే. ఇంత చిన్న ప్రయోగం ఆశ కలిగించవచ్చు కాని, ఊరందరి పిల్లలకూ ఐరన్ పట్టించడానికి ఆధారం కాలేదు. పైగా అందులో చేర్చుకున్నవారందరూ ఫెరిటిన్ తక్కువగా ఉన్న పిల్లలేనన్న సంగతిని మాత్రలు అమ్మేవారు చెప్పరు.

జింకు కథ ఇంకా నేర్పుతుంది. 2004లో టర్కీలో 400 మందిపై చేసిన ప్రయోగంలో అల్లరి, తొందరపాటు కొంత తగ్గాయి కాని ఏకాగ్రత మెరుగుపడలేదు. 2011లో అమెరికాలో 52 మందిపై చేసిన ప్రయోగంలో జింకు ఒక్కటే ఇచ్చినప్పుడు ప్లాసిబో కంటే మేలు కనిపించలేదు. ఆహారంలో జింకు తక్కువగా ఉండే ప్రాంతాల ఫలితాన్ని తక్కువ లేనిచోటికి మోసుకుపోతే ఇలాగే అవుతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మన దేశంలో 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో జింకు లోటు 17 శాతం మందిలో కనిపించింది. అంటే ప్రతి ఆరుగురిలో అయిదుగురికి ఆ లోటు లేదు.

పటమట అమ్మ గారు, మీ అబ్బాయికి ముందుగా సీబీపీ అనే రక్తకణాల పరీక్ష, ఫెరిటిన్, దానితో పాటు ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో తెలిపే సీఆర్‌పీ చేయించండి. ఒంట్లో జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది, అందుకే మూడోది. అంతవరకు కిట్టు విప్పకండి.

గుణదల నాన్న:

డాక్టరు గారు, మీరు చిన్న ప్రయోగాలే ఎత్తిచూపారు. న్యూజిలాండ్‌లో 2018లో జూలియా రక్‌లిడ్జ్ బృందం 93 మంది పిల్లలకు పది వారాలు విటమిన్లు, ఖనిజాలు కలిపి ఇచ్చింది. మెరుగయ్యారని వైద్యులు తేల్చినవారు మాత్రలు తీసుకున్నవారిలో 47 శాతం, ప్లాసిబో తీసుకున్నవారిలో 28 శాతం. ఆ తరువాత అమెరికా, కెనడాలలో చేసిన పెద్ద ప్రయోగంలో 54 శాతానికి 18 శాతం వచ్చింది. ఇవి ఉత్తుత్తి లెక్కలు కావు కదా. ఎవరు ఏ మాత్ర తీసుకుంటున్నారో వైద్యులకూ తెలియనివ్వకుండా చేసినవే. ఒక్కొక్క ఖనిజాన్ని విడిగా పరీక్షించి పనిచేయలేదనడం కంటే, అన్నీ కలిపి ఇచ్చి చూడడమే శరీరం పనిచేసే తీరుకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

జీవరసాయన అధ్యాపకురాలు:

గుణదల నాన్న గారు చెప్పిన అంకెలు సరైనవే. వాటిని కొట్టిపారేయవలసిన అవసరం లేదు. అయితే అవే పత్రాల్లో ఉన్న మిగతా సగం కూడా చదవాలి. న్యూజిలాండ్ ప్రయోగంలో ఏడీహెచ్‌డీ ప్రధాన లక్షణాలను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కొలిచిన చోట మాత్రలు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ స్పష్టమైన తేడా రాలేదు. వైద్యుల మొత్తం అంచనాలో, ఏకాగ్రతలో, కోపం అదుపులో తేడా వచ్చింది. 2022లో ప్రచురితమైన రెండో ప్రయోగంలో 135 మంది పిల్లలు ఎనిమిది వారాలు పాల్గొన్నారు. అక్కడా వైద్యుల అంచనాలో మీరన్న 54, 18 శాతాలు వచ్చాయి కాని, తల్లిదండ్రులు నింపిన కొలమానంలో రెండు వర్గాలూ సమానంగా మెరుగుపడ్డాయి. మరొక విచిత్రం ఏమిటంటే, మాత్రలు తీసుకున్న పిల్లలు ఆ ఎనిమిది వారాల్లో సుమారు ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. ప్రవర్తన కొలమానాల్లో పడిన తేడా కంటే ఆ ఎత్తు కొలతే నాకు నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే ఎత్తును ఎవరి అభిప్రాయమూ మార్చలేదు.

మరొక ముఖ్యమైన సంగతి. రెండో ప్రయోగంలోకి తీసుకున్నవారు ఏడీహెచ్‌డీతో పాటు చిరాకు, కోపం ఎక్కువగా ఉన్న పిల్లలు, వారెవరూ అప్పుడు మందు వాడటం లేదు. మీ పాపకు చిరాకు తగ్గిందని మీరు రాసిన అనుభవం ఈ ఫలితంతో కొంత సరిపోతుంది. కాని అక్కడ వాడినది ముప్పైకి పైగా పదార్థాలను నిర్ణీత పాళ్లలో కలిపిన మిశ్రమం, రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గుళికలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. బీసెంట్ రోడ్డులో దొరికే ఏ సీసాకూ ఆ ఫలితాన్ని అంటగట్టలేము. పటమట అమ్మ గారికి ఇచ్చిన కిట్టు ఆ మిశ్రమం కాదు, ఆ పాళ్లూ కావు.

డోపమిన్ తయారీకి ఐరన్ అవసరమన్న మాట కూడా నిజమే. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము ఐరన్ లేకుండా పనిచేయదు. కాని ఎంజైముకు కావలసినంత ఐరన్ దొరికాక ఇంకా పోసినంత మాత్రాన అది ఎక్కువ డోపమిన్ తయారుచేయదు. మా విద్యార్థులు పరీక్షల్లో ఎక్కువగా జారిపడేది సరిగ్గా ఇక్కడే. అవసరమైనది అన్నదానికీ, ఎక్కువైతే ఎక్కువ మేలు అన్నదానికీ మధ్య దూరం చాలా ఉంది.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. పెద్ద మోతాదు విటమిన్లతో పిల్లల నేర్చుకునే ఇబ్బందులను నయం చేయవచ్చన్న వాదన 1970లలోనే జోరుగా సాగింది. 1976లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ దానికి ఆధారం లేదని ప్రకటించింది. 1984లో పీడియాట్రిక్స్ పత్రికలో 41 మంది పిల్లలపై వచ్చిన అధ్యయనంలో పెద్ద మోతాదులో నియాసిన్ రకం, సీ, బీ6, పాంటోథెనిక్ ఆమ్లం ఇవ్వగా, మేలు కనిపించకపోగా తరగతిలో అల్లరి ప్లాసిబో సమయంలో కంటే ఎక్కువైంది, 42 శాతం మందిలో కాలేయ ఎంజైములు పెరిగాయి.

సత్యనారాయణపురం అమ్మమ్మ:

నాయనా, ఇన్ని పరీక్షలు, ఇన్ని మాత్రల గొడవ మా కాలంలో లేదు. రాగి సంకటి, మునగాకు పప్పు, బెల్లం వేసిన నువ్వుల ఉండలు, వారానికి రెండుసార్లు చేప పెడితే సరిపోదా? డాక్టరు గారు ఒక్క మాట చెప్పండి.

గుంటూరు పిల్లల వైద్యుడు:

అమ్మా, మీరు చెప్పిన వంట నూటికి నూరుపాళ్లు మంచిదే, లోటు రాకుండా కాపాడేది అదే. అయితే రెండు సవరణలు. ఫెరిటిన్ బాగా పడిపోయిన తరువాత ఒక్క తిండితో దాన్ని త్వరగా నింపడం కష్టం, కొన్ని నెలలు ఐరన్ మందు తప్పదు. రెండోది, ఆకుకూరల్లో, రాగుల్లో ఉన్న ఐరన్ మాంసంలో ఉన్నంత సులభంగా ఒంటికి పట్టదు. దానితో పాటు నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో ఉంటే బాగా పడుతుంది, టిఫిన్‌తో పాటు టీ తాగిస్తే పట్టదు. మన ఇళ్లలో పిల్లలకు పొద్దున్నే పాలల్లో కాస్త టీ కలిపి ఇచ్చే అలవాటును ముందుగా మానిపించాలి. బెల్లంలో ఐరన్ ఉన్న మాట నిజమే కాని, రక్తహీనత పోవాలంటే తినవలసినంత బెల్లం ఏ బిడ్డకూ పెట్టకూడదు. చేపలు తినే ఇళ్లలో ఒమేగా-3, అంటే చేపనూనె, మాత్రల కోసం వేలు ఖర్చుపెట్టడం నాకు అర్థం కాని విషయం.

ఒమేగా-3 ప్రస్తావన వచ్చింది కనుక అదీ చెప్పేస్తాను. 2011లో పది ప్రయోగాలను కలిపి చూసినప్పుడు చిన్న మేలు కనిపించింది. 2023లో వైద్య ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 37 ప్రయోగాలను సమీక్షించి, ఏకాగ్రత లోపంలో గాని, అతి చురుకుదనంలో గాని ప్లాసిబోతో తేడా లేదని గట్టి ఆధారంతో చెప్పింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు ఏడీహెచ్‌డీ చికిత్సగా ఈ నూనెలను సూచించవద్దనే చెబుతున్నాయి.

మందుల షాపు మిత్రుడు:

గవర్నర్‌పేటలో చాలాకాలంగా మందుల షాపు నడుపుతున్నాను. అమ్మే మనిషిగా కొన్ని సంగతులు చెప్పాలి. మొదటిది, ఇలాంటి కిట్లలో ఉండే డబ్బాల మీద చిన్న అక్షరాలతో వైద్య అవసరాలకు వాడకూడదని ఇంగ్లీషులో ముద్రించి ఉంటుంది. ఆహార పదార్థంగా లైసెన్సు పొందిన సప్లిమెంటుకు ఆ మాట ముద్రించడం మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. డబ్బా మీద ఆ మాట ఉంటుంది, కౌంటరు దగ్గర మాత్రం అదే డబ్బా చికిత్సగా అమ్ముడవుతుంది. ఇంతకంటే నేను చెప్పనక్కర్లేదు.

రెండోది విటమిన్ డి పొడి. చిన్న పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. సాధారణంగా దాన్ని వారానికి ఒకటి చొప్పున, కొద్ది వారాలకే రాస్తారు. రోజూ పాలల్లో కలిపి పట్టిస్తున్న తల్లులు నాకు తారసపడ్డారు. అమెరికా నిపుణుల లెక్క ప్రకారం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు రోజుకు 3,000 యూనిట్లు దాటకూడదు. రోజూ పొట్లం పడితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, చివరికి మూత్రపిండాలకు దెబ్బ. విటమిన్ డి నీళ్లలో కరిగి వెళ్లిపోయేది కాదు, ఒంట్లో కొవ్వులో నిలిచిపోతుంది.

మూడోది, ఒకే పదార్థం రెండు మూడు డబ్బాల్లో ఉండడం. టానిక్‌లో జింకు, మాత్రలో జింకు, ప్రొటీన్ పొడిలో మళ్లీ జింకు. అదే వయసుకు జింకు గరిష్ఠ పరిమితి రోజుకు 12 మిల్లీగ్రాములు, అదీ తిండిలో వచ్చేదాంతో కలిపి. ఎక్కువకాలం ఎక్కువైతే శరీరంలో రాగి తగ్గి, రక్తహీనత రావచ్చు. ఏ రక్తహీనత పోవాలని మొదలుపెట్టామో అదే కొత్త దారిలో వస్తుందన్న మాట. బీ6కు ఆ వయసులో పరిమితి 40 మిల్లీగ్రాములు, దీర్ఘకాలం మించితే చేతులు, కాళ్ల నరాలు తిమ్మిరెక్కుతాయి.

చివరిది, ఐరన్ సీసాలు చిన్నపిల్లలకు అందే ఎత్తులో పెట్టకండి. తియ్యగా ఉన్నాయని ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో మింగితే ప్రాణాపాయం. విటమిన్ అని పేరు పెట్టుకున్న మాటకు మందు కాకుండా పోదు.

కానూరు చదువరి:

ఒక సందేహం. మిథైల్‌ఫెనిడేట్ అన్ని షాపుల్లో ఎందుకు దొరకదు? అది మత్తుమందు కనుకనే దాచిపెడతారని మా బంధువులు అంటున్నారు. అందువల్లే చాలామంది ఈ మాత్రల వైపు వెళ్తున్నారు.

మందుల షాపు మిత్రుడు:

అది షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి ప్రత్యేక లైసెన్సు కావాలి, చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒక ప్రతిని షాపు వారు రెండేళ్లు భద్రపరచాలి. ఇంత లెక్కాపత్రం చేయలేక చిన్న షాపుల వారు పెట్టుకోరు. దుర్వినియోగం కాకుండా ప్రభుత్వం పెట్టిన కట్టుదిట్టం అది. వైద్యుడు బిడ్డ బరువును, లక్షణాలను చూసి నిర్ణయించిన మోతాదులో, పర్యవేక్షణలో వాడితే ఆ భయం అక్కర్లేదు. షాపులో సులభంగా దొరుకుతుందన్న ఒక్క కారణంతో ఒక మందును సురక్షితమని నమ్మడం, దొరకదు కనుక ప్రమాదకరమని అనుకోవడం రెండూ సరికావు.

బ్రాడీపేట పంతులమ్మ:

ఎయిడెడ్ బడిలో ప్రాథమిక తరగతులు చెబుతాను. తల్లిదండ్రులు సాధారణంగా మాకు చెప్పకుండానే ఈ మాత్రలు మొదలుపెడతారు, తరువాత మార్పు కనిపించిందా అని అడుగుతారు. అలా అడిగినప్పుడు మనసు సహజంగానే కనిపించిందనే చెప్పాలనుకుంటుంది. తల్లి ఆశగా నిలబడి ఉన్నప్పుడు లేదని చెప్పడం కష్టం. అందుకే ప్రశ్నావళిని ముందొకసారి, తరువాత కొన్ని వారాలకొకసారి, మాత్రల సంగతి మాకు చెప్పకుండానే నింపించడం మేలు. మొన్న అధ్యాపకురాలు గారు చెప్పిన ఎత్తు కొలత సంగతి చదివాక నాకు ఈ మాట మరీ బలంగా అనిపించింది.

మరొకటి. మా బడిలో అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకసారి గులాబీ రంగు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తాము. అందులో 45 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పదేళ్లు దాటినవారికి నీలం మాత్ర, అందులో 60. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర కూడా వేస్తాము. ఇంట్లో వేరే ఐరన్ వాడుతున్నట్లయితే ఆ సంగతి టీచరుకు, వైద్యుడికి ఇద్దరికీ తెలియాలి. ఇది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు తరగతిలో మేము చేసేవి చిన్న చిన్న పనులు: కిటికీకి, తలుపుకు దూరంగా ముందు వరుసలో కూర్చోబెట్టడం, ఒకేసారి ఒకే సూచన చెప్పడం, పెద్ద లెక్కల పనిని ముక్కలుగా చేసి ఇవ్వడం, బోర్డు తుడిచే పనో, పుస్తకాలు పంచే పనో అప్పగించి మధ్యలో లేచే అవకాశం కల్పించడం, చేసిన మంచిని వెంటనే గుర్తించడం. ఇవి ఏ డబ్బాలోనూ దొరకవు, ఖర్చూ లేదు. నలభై మంది పిల్లలున్న తరగతిలో రోజూ సాధ్యం కాదన్నది మాత్రం నిజం.

పటమట అమ్మ:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలు చేయించాము. హిమోగ్లోబిన్ 10.6 వచ్చింది, ఫెరిటిన్ 9, సీఆర్‌పీ మామూలుగానే ఉంది. విటమిన్ డి కాస్త తక్కువ. మా పిల్లల వైద్యుడు ఐరన్ మందు రాశారు, మానసిక వైద్యురాలికి ఫోనులో నివేదిక చెప్పగా, శిక్షణ తరగతులు ఆపవద్దని అన్నారు. కిట్టు తిరిగి తీసుకోమని కేంద్రాన్ని అడిగాము, వారు ఒప్పుకోలేదు. మా అత్తగారు మాత్రం ఇప్పుడు, చూశావా, లోటు ఉందని వాళ్లు ముందే చెప్పారు కదా అంటున్నారు. ఐరన్‌తోనే ఈ సమస్య మొత్తం పోతుందని ఆశపడవచ్చా డాక్టరు గారు?

గుంటూరు పిల్లల వైద్యుడు:

అయిదేళ్లు దాటిన బిడ్డకు ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్లే, ఎనిమిదేళ్లకు హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువైతే రక్తహీనతే. కనుక మీ అబ్బాయికి ఐరన్ అవసరం నిస్సందేహంగా ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్నా లేకపోయినా ఇవ్వవలసిందే. మీ అత్తగారితో ఒక మాట చెప్పండి: ఆ కేంద్రం వారు పరీక్ష చేయకుండా ఊహించి ఇచ్చారు, ఊహ ఒక బిడ్డ విషయంలో నిజమైనంత మాత్రాన పక్కింటి బిడ్డ విషయంలోనూ నిజం కాదు. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి లక్షణం మోస్తున్న పిల్లలకు కూడా సీబీపీలో కణాలు చిన్నగా కనిపిస్తాయి, వారిలో ఐరన్ నిల్వ సరిపడా ఉంటే ఐరన్ పోయడం మేలు చేయదు, హాని చేయవచ్చు. ఫెరిటిన్ చూడకుండా ఇచ్చేవారికి ఈ ఇద్దరు పిల్లల మధ్య తేడా తెలిసే మార్గం లేదు.

ఆశ విషయానికి వస్తే, హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరుగుతుంది, నిల్వలు నిండడానికి సాధారణంగా మూడు నెలల వరకు పడుతుంది. హిమోగ్లోబిన్ బాగుపడగానే ఆపేయకండి, మళ్లీ ఫెరిటిన్ చూసి వైద్యుడు చెప్పినప్పుడే ఆపండి. అలసట, చిరాకు, ఆకలి, నిద్ర మెరుగుపడే అవకాశం బాగానే ఉంది. ఏకాగ్రత కొంత మెరుగుపడవచ్చు. కాని లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఉండి, ఆరు నెలలకు పైగా కొనసాగి, ఇంత శ్రద్ధగా నిర్ధారించిన ఏడీహెచ్‌డీ ఐరన్ ఒక్కదానితోనే పూర్తిగా పోతుందని మీకు హామీ ఇవ్వలేను.

కనుక ప్రవర్తనా శిక్షణ సాగనివ్వండి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు ఆరేళ్లు దాటినవారికి మందును, ప్రవర్తనా శిక్షణను, బడిలో సర్దుబాట్లను కలిపి సూచిస్తాయి. 2018లో లాన్సెట్ సైకియాట్రీలో 133 ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణ పిల్లల్లో స్వల్పకాలానికి మొదటగా ఎంచుకోదగినది మిథైల్‌ఫెనిడేట్ అని తేల్చింది. దానికి ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, ఎత్తు పెరుగుదల కొద్దిగా మందగించడం వంటి ఇబ్బందులు ఉన్నాయి, బరువు, ఎత్తు, రక్తపోటు, గుండె వేగం చూస్తూ ఉండాలి. ఆకలి తగ్గే మందు వాడవలసి వస్తే ఐరన్ లోటు ముందే పూడ్చి ఉండడం మరింత మంచిది. అందువల్ల ఇప్పుడు మీరు చేస్తున్నది వృథా పని కాదు.

ఖర్చు ఇబ్బందిగా ఉన్నవారికి ఒక మాట. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షించే పరిస్థితుల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి వచ్చే సంచార వైద్య బృందం దగ్గరే అడగవచ్చు.

గుణదల నాన్న:

ఈ చర్చ తరువాత మా పాప వాడే మూడు డబ్బాల లేబుళ్లు వరుసగా పెట్టి లెక్క కలిపి చూశాను. జింకు రోజుకు 28 మిల్లీగ్రాములు వస్తోంది. రెండు డబ్బాలు పక్కన పెట్టి, ఫెరిటిన్ పరీక్షకు రక్తం ఇచ్చాము. అయితే మిశ్రమాల మీద మన దేశపు పిల్లలతో, మన తిండితో ఒక పెద్ద ప్రయోగం జరగాలన్న నా అభిప్రాయం మారలేదు. లోటు ఎక్కువగా ఉన్నచోట ఫలితం వేరుగా ఉండవచ్చు కదా.

జీవరసాయన అధ్యాపకురాలు:

ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అటువంటి ప్రయోగం జరిగితే మొదట్లోనే లోటు ఉన్నవారిని, లేనివారిని వేరుచేసి చూడాలి, ఉపాధ్యాయుల అంచనాను ప్రధాన కొలమానంగా పెట్టాలి. అంతవరకు మనం కొనే సీసా ఆ ప్రయోగం ఫలితం కాదు.

పటమట అమ్మ:

చివరిగా ఒక చిన్న సందేహం. ఐరన్ టానిక్ పాలతో ఇవ్వవచ్చా? కాల్షియం, విటమిన్ డి కలిపిన మాత్ర కూడా రాశారు. టానిక్ వల్ల పళ్లు నల్లబడతాయని కూడా విన్నాను.

మందుల షాపు మిత్రుడు:

పాలతో వద్దు. కాల్షియం మాత్రకూ ఐరన్‌కూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అనుకుంటే మరచిపోరు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కొద్దిగా నిమ్మరసంతో ఇస్తే బాగా పడుతుంది, వికారం వస్తే భోజనం తరువాత ఇవ్వవచ్చు. టానిక్‌ను కొలత సిరంజితో నాలుక వెనక్కి పోసి, వెంటనే నీళ్లు తాగించి పుక్కిలింపజేస్తే పళ్లకు మరక తగ్గుతుంది, పట్టినా దంతవైద్యుడు శుభ్రం చేస్తే పోతుంది. విరేచనం నల్లగా రావడం మామూలే, కంగారు పడకండి. మోతాదు మిల్లీలీటర్లలోనే కొలవండి, చెంచాతో వద్దు, ఎందుకంటే ఒక్కో కంపెనీ టానిక్‌లో అయిదు మిల్లీలీటర్లకు ఉండే ఐరన్ ఒక్కోలా ఉంటుంది. సీసా మారినప్పుడు చీటీతో మళ్లీ షాపుకు వచ్చి సరిచూపించుకోండి.